ఉష్ణ విశ్లేషణ పద్ధతులు – ఘనపదార్థాల చర్యాశీలత

విషయక్రమం
1. లక్ష్యాలు
2. ఉపోద్ఘాతం
3. ఉష్ణభారమితి
4. భేదాత్మక ఉష్ణ విశ్లేషణ, భేదాత్మక స్కానింగ్ కెలోరిమితి
5. వక్రంపై ప్రయోగ పరిస్థితుల ప్రభావం
6. ఘనపదార్థాల చర్యాశీలత
7. ఒక ఉదాహరణ: అమోనియం నైట్రేట్
8. సారాంశం
9. మాదిరి పరీక్ష ప్రశ్నలు
10. 'ప్రగతిని పరిశీలించుకోండి' సమాధానాలు

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఉష్ణభారమితి వక్రంలోని ఒక్కొక్క మెట్టులో ఏ పదార్థం ఎంత పోయిందో లెక్కగట్టగలుగుతారు.
• ఉష్ణగ్రాహక, ఉష్ణమోచక శిఖరాలను గుర్తించి, వాటికి కారణాలను వివరించగలుగుతారు.
• వక్రంలో ఏది పదార్థ లక్షణమో, ఏది ప్రయోగ పరిస్థితుల ఫలితమో వేరుచేసి చెప్పగలుగుతారు.
• ఒకే సంఘటనం ఉన్న రెండు ఘనపదార్థాలు వేరువేరు వేగాలతో ఎందుకు చర్య జరుపుతాయో వివరించగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

సున్నపురాయిని బట్టీలో కాలిస్తే సున్నం వస్తుందని మీకు తెలుసు. పాఠశాల పుస్తకంలో ఈ చర్యను ఒక్క పంక్తిలో రాస్తారు:

కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

బట్టీ దగ్గర పనిచేసేవారికి ఈ ఒక్క పంక్తి చాలదు. రాయి ఎంత వేడికి కాలుతుంది? పెద్ద రాళ్ళు పైకి తెల్లగా కాలినా లోపల పచ్చిగా ఎందుకు మిగులుతాయి? మరీ ఎక్కువ మంట మీద కాల్చిన సున్నం నీళ్ళు పోసిన వెంటనే పొంగి పొడి కాదేం? అలాంటి సున్నంతో గోడకు పూత వేస్తే కొన్నాళ్ళకు అక్కడక్కడ పొక్కులు లేచి రాలిపోవడానికి కారణమేమిటి?

వీటికి జవాబు చర్యా సమీకరణంలో దొరకదు. ద్రావణంలో జరిగే చర్యలో అయాన్లు, అణువులు స్వేచ్ఛగా తిరుగుతూ ఒకదానినొకటి తాకుతాయి. అందువల్ల అక్కడ గాఢత, ఉష్ణోగ్రత తెలిస్తే రేటును చాలావరకు చెప్పవచ్చు. ఘనపదార్థంలో కణాలు స్ఫటిక జాలకంలో తమ స్థానాలకు కట్టుబడి ఉంటాయి. కాబట్టి చర్య ఎక్కడ మొదలైంది, ఏ దిశలో సాగింది, వెలువడిన వాయువు బయటికి పోగలిగిందా, ఆ పదార్థం అంతకుముందు ఎంత వేడిని చూసింది అనేవన్నీ రేటును నిర్ణయిస్తాయి.

ఘనపదార్థాన్ని వేడిచేస్తూ దానిలో వచ్చే మార్పులను కొలిచే పద్ధతులన్నింటినీ కలిపి ఉష్ణ విశ్లేషణ అంటారు. కొలిచే ధర్మం ద్రవ్యరాశి అయితే అది ఉష్ణభారమితి. నమూనాకూ నిర్దేశక పదార్థానికీ మధ్య ఉష్ణోగ్రతా భేదమైతే భేదాత్మక ఉష్ణ విశ్లేషణ. ఉష్ణ ప్రవాహమైతే భేదాత్మక స్కానింగ్ కెలోరిమితి. వీటిని ఇకపై వరసగా టి.జి., డి.టి.ఎ., డి.ఎస్.సి. అని పిలుద్దాం. ఈ భాగంలో వేరే చెప్పనిచోట ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలలో ఉంటాయి.

3. ఉష్ణభారమితి

3.1 పరికరం

టి.జి.లో నమూనాను నిర్ణీత రేటుతో వేడిచేస్తూ దాని ద్రవ్యరాశిని నిరంతరం నమోదు చేస్తారు. ఇందుకు వాడే ఉష్ణత్రాసును 1915లో జపాన్ శాస్త్రవేత్త కొటారో హోండా నిర్మించాడు. దానిలోని ముఖ్య భాగాలు నాలుగు: సున్నితమైన త్రాసు, విద్యుత్ కొలిమి, ఉష్ణోగ్రతను కొలిచే ఉష్ణయుగ్మం, నమూనా చుట్టూ కావలసిన వాయువును పంపే ఏర్పాటు. నమూనాను ప్లాటినం లేదా అల్యూమినా మూసలో ఉంచుతారు. సాధారణంగా 5 నుంచి 20 మిల్లీగ్రాముల నమూనా సరిపోతుంది. నిమిషానికి 5 నుంచి 20 డిగ్రీల తాపన రేటు వాడుక.

ఒక జాగ్రత్త అవసరం. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ మూస చుట్టూ ఉన్న వాయువు సాంద్రత తగ్గుతుంది, దానితో మూసపై పనిచేసే ఉత్ప్లవన బలం కూడా తగ్గుతుంది. ఫలితంగా ఏ చర్యా జరగకపోయినా మూస బరువు కొద్దిగా పెరిగినట్లు కనిపిస్తుంది. అందువల్ల ముందుగా ఖాళీ మూసతో అదే ప్రయోగం చేసి, ఆ విలువలను నమూనా విలువల నుంచి తీసివేయాలి.

3.2 వక్రాన్ని చదవడం

ఉష్ణోగ్రతను అడ్డు అక్షం మీద, ద్రవ్యరాశిని నిలువు అక్షం మీద తీసుకొని గీసినదే టి.జి. వక్రం. ద్రవ్యరాశి మారని చోట అది సమతలంగా, తగ్గేచోట మెట్టుగా కనిపిస్తుంది. కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్‌ను జడవాయువులో వేడిచేస్తే మూడు మెట్లు స్పష్టంగా విడివిడిగా వస్తాయి. అందుకే దీన్ని పరికరం సరిగా పనిచేస్తున్నదో లేదో చూడటానికి కూడా వాడతారు.

మొదటి మెట్టు (సుమారు 100–200 డిగ్రీలు):
కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ → కాల్షియం ఆక్సలేట్ + నీరు

రెండో మెట్టు (సుమారు 400–520 డిగ్రీలు):
కాల్షియం ఆక్సలేట్ → కాల్షియం కార్బొనేట్ + కార్బన్ మోనాక్సైడ్

మూడో మెట్టు (సుమారు 650–800 డిగ్రీలు):
కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

మొదటి పదార్థపు అణుభారం 146.1. పోయిన వాయువుల అణుభారాలు వరసగా 18.0, 28.0, 44.0. కాబట్టి మెట్ల ఎత్తులు ఇలా ఉండాలి:

మొదటి మెట్టు: 18.0 ÷ 146.1 × 100 = 12.3 శాతం
రెండో మెట్టు: 28.0 ÷ 146.1 × 100 = 19.2 శాతం
మూడో మెట్టు: 44.0 ÷ 146.1 × 100 = 30.1 శాతం
మిగిలిన కాల్షియం ఆక్సైడ్: 38.4 శాతం

ఈ నాలుగింటిని కూడితే 100 శాతం వస్తుంది. ఏ టి.జి. లెక్క చేసినా చివర ఇలా కూడి చూసుకోవడం అలవాటు చేసుకోండి. మొత్తం సరిపోకపోతే నమూనాలో మలినం ఉందనో, ఏదో ఒక మెట్టును మనం తప్పుగా అర్థం చేసుకున్నామనో తెలుస్తుంది.

ఇక్కడ ఒక పరిమితిని గమనించండి. త్రాసు ఎంత పోయిందో చెబుతుందే కాని ఏది పోయిందో చెప్పదు. నైట్రోజన్ అణుభారం కూడా 28 కాబట్టి, 28 ప్రమాణాల నష్టాన్ని చూసినంత మాత్రాన అది కార్బన్ మోనాక్సైడ్ అని తేల్చలేం. పదార్థపు సంఘటనం తెలిసి ఉండాలి, లేదా వెలువడే వాయువును ద్రవ్యరాశి వర్ణపటమాపకంలోకి గాని పరారుణ వర్ణపటమాపకంలోకి గాని పంపి గుర్తించాలి.

3.3 సాధించిన లెక్క

సిమెంటు కర్మాగారానికి వచ్చిన సున్నపురాయి నమూనా 20.0 మిల్లీగ్రాములను టి.జి.లో వేడిచేశారు. 600, 850 డిగ్రీల మధ్య 8.10 మిల్లీగ్రాముల నష్టం కనిపించింది. ఆ రాయిలో కాల్షియం కార్బొనేట్ ఎంత శాతం?

సాధన: 44.0 మిల్లీగ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడాలంటే 100.1 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్ విఘటనం చెందాలి.
8.10 మిల్లీగ్రాములకు: 8.10 × 100.1 ÷ 44.0 = 18.4 మిల్లీగ్రాములు.
శాతం: 18.4 ÷ 20.0 × 100 = 92 శాతం.

రాయిలో మెగ్నీషియం కార్బొనేట్ లేదనే ఊహ మీద ఈ జవాబు ఆధారపడి ఉంది. అది ఉంటే దాని నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా నష్టంలో కలిసి, శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మాచర్ల, తాండూరు, ఎర్రగుంట్ల వంటి సున్నపురాయి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలలో రాయి నాణ్యతను రోజూ పరీక్షించాల్సి ఉంటుంది. ఆ పరీక్షకు ఆధారం ఇలాంటి లెక్కలే.

ప్రగతిని పరిశీలించుకోండి – 1
25.0 మిల్లీగ్రాముల మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్, అణుభారం 249.7. వేడిచేసినప్పుడు సమతలాలు వరసగా 21.4, 17.8, 16.0 మిల్లీగ్రాముల దగ్గర వచ్చాయి. ఒక్కొక్క మెట్టులో ఎన్ని నీటి అణువులు పోయాయి?

4. భేదాత్మక ఉష్ణ విశ్లేషణ, భేదాత్మక స్కానింగ్ కెలోరిమితి

ద్రవ్యరాశి మారకుండా జరిగే మార్పులను టి.జి. గుర్తించలేదు. మంచు కరిగి నీరైనప్పుడు బరువు మారదు. ఒక స్ఫటిక రూపం మరొక రూపంలోకి మారినా బరువు మారదు. కాని రెండు సందర్భాలలోనూ ఉష్ణం మారుతుంది. డి.టి.ఎ., డి.ఎస్.సి.లు పట్టుకొనేది ఈ ఉష్ణాన్నే.

ఫ్రాన్స్‌కు చెందిన హెన్రీ లె షాటెలియే 1887లో బంకమట్టిని వేడిచేస్తూ, దాని ఉష్ణోగ్రత పెరిగే తీరును నమోదు చేశాడు. 1899లో ఇంగ్లండులో విలియం రాబర్ట్స్-ఆస్టెన్ రెండు ఉష్ణయుగ్మాలను ఎదురెదురుగా కలిపి, నమూనాకూ నిర్దేశకానికీ మధ్య భేదాన్ని మాత్రమే కొలిచాడు. చిన్న మార్పును పెద్ద ఉష్ణోగ్రతలో వెతకడం కంటే భేదాన్ని నేరుగా కొలవడం ఎంతో సున్నితమైన పద్ధతి. డి.టి.ఎ. ఈ సూత్రం మీదే పనిచేస్తుంది.

నిర్దేశకంగా ఆ ఉష్ణోగ్రతలలో ఏ మార్పూ చెందని పదార్థాన్ని, సాధారణంగా ముందే బాగా కాల్చిన అల్యూమినాను, తీసుకుంటారు. నమూనా కరుగుతున్నప్పుడు ఉష్ణాన్ని గ్రహిస్తుంది కాబట్టి నిర్దేశకం కంటే వెనకబడుతుంది. అప్పుడు ఉష్ణగ్రాహక శిఖరం వస్తుంది. నమూనా ఉష్ణాన్ని వెలువరిస్తే ఉష్ణమోచక శిఖరం వస్తుంది. ఉష్ణమోచక దిశను కొందరు పైకి, కొందరు కిందికి చూపుతారు. వక్రాన్ని చదివే ముందు ఆ దిశ ఎటు గుర్తించి ఉందో చూడండి.

1962లో వాట్సన్, ఓనీల్ రూపొందించిన డి.ఎస్.సి.లో నమూనాకూ నిర్దేశకానికీ వేరువేరు తాపకాలు ఉంటాయి. రెండింటినీ ఒకే ఉష్ణోగ్రతలో ఉంచడానికి కావలసిన విద్యుత్ శక్తి తేడాను కొలుస్తారు. ఈ విధంగా వచ్చిన శిఖరం వైశాల్యం నేరుగా ఎంథాల్పీ మార్పును ఇస్తుంది. పరికరాన్ని క్రమాంకనం చేయడానికి 156.6 డిగ్రీల దగ్గర కరిగే ఇండియం లోహాన్ని వాడతారు.

డి.ఎస్.సి. ఉపయోగానికి మీకు బాగా తెలిసిన మందునే ఉదాహరణగా తీసుకుందాం. పారాసిటమాల్‌కు ఒకటికంటే ఎక్కువ స్ఫటిక రూపాలు ఉన్నాయి. మొదటి రూపం సుమారు 169 డిగ్రీల దగ్గర, రెండో రూపం సుమారు 157 డిగ్రీల దగ్గర కరుగుతాయి. రెండింటిలో ఉన్నది ఒకే అణువు. రసాయన విశ్లేషణ రెండింటికీ ఒకే జవాబు ఇస్తుంది, టి.జి. కూడా ఏ తేడా చూపదు. డి.ఎస్.సి.లో మాత్రం రెండు వేరువేరు శిఖరాలు వస్తాయి. స్ఫటిక రూపం మారితే మందు కరిగే వేగం, మాత్రగా ఒత్తినప్పుడు నిలిచే తీరు మారవచ్చు. హైదరాబాద్, విశాఖపట్నం ప్రాంతాలలోని ఔషధ పరిశ్రమలలో ఉద్యోగం చేయదలచినవారు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

టి.జి., డి.టి.ఎ. రెండింటినీ కలిపి చూస్తే మరింత తెలుస్తుంది. కాల్షియం ఆక్సలేట్ రెండో మెట్టును నైట్రోజన్‌లో చేస్తే డి.టి.ఎ.లో ఉష్ణగ్రాహక శిఖరం వస్తుంది. అదే ప్రయోగాన్ని గాలిలో చేస్తే, వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ మూస దగ్గరే ఆక్సిజన్‌తో మండి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. ఆ దహనం వదిలిన ఉష్ణం విఘటనం గ్రహించిన ఉష్ణం కంటే ఎక్కువ కావడంతో శిఖరం ఉష్ణమోచకంగా మారుతుంది. టి.జి. మెట్టు ఎత్తు మాత్రం రెండు సందర్భాలలోనూ 19.2 శాతమే.

ప్రగతిని పరిశీలించుకోండి – 2
ఒక నమూనా డి.ఎస్.సి.లో ఉష్ణగ్రాహక శిఖరం ఉంది. అదే ఉష్ణోగ్రత దగ్గర టి.జి.లో ఏ మెట్టూ లేదు. జరిగి ఉండగల రెండు మార్పులను పేర్కొనండి.

5. వక్రంపై ప్రయోగ పరిస్థితుల ప్రభావం

పైన మెట్ల ఉష్ణోగ్రతలకు ముందు 'సుమారు' అని రాశాం. మెట్ల ఎత్తులకు అలా రాయలేదు. ఈ భాగంలో మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే: మెట్టు ఎత్తు పదార్థాన్ని బట్టి ఉంటుంది, మెట్టు స్థానం ప్రయోగాన్ని కూడా బట్టి ఉంటుంది. విఘటన ఉష్ణోగ్రతను ద్రవీభవన స్థానంలాగా పదార్థానికి ఒక్కటే ఉండే స్థిరాంకంగా భావించకూడదు.

తాపన రేటు: వేగంగా వేడిచేస్తే చర్య పూర్తయ్యేలోపే కొలిమి ఉష్ణోగ్రత ముందుకు వెళ్ళిపోతుంది. మెట్టు అధిక ఉష్ణోగ్రత వైపు జరుగుతుంది. నిమిషానికి 2 డిగ్రీల నుంచి 20 డిగ్రీలకు రేటు పెంచితే ఈ జరుగుబాటు పదుల డిగ్రీల మేర ఉండవచ్చు. ఈ జరుగుబాటు నుంచే ఉత్తేజన శక్తిని లెక్కగట్టే పద్ధతిని 1957లో కిసింజర్ ప్రతిపాదించాడు. వేరువేరు తాపన రేట్లతో శిఖర ఉష్ణోగ్రతలను కొలిచి, రేఖాపటం వాలు నుంచి ఆ శక్తిని పొందుతారు.

వాతావరణం: కాల్షియం కార్బొనేట్ విఘటనం ఉత్క్రమణీయ చర్య. దానిపై కార్బన్ డయాక్సైడ్ సమతాస్థితి పీడనం సుమారు 900 డిగ్రీల దగ్గర 1 అట్మాస్ఫియర్‌కు చేరుతుంది. నైట్రోజన్ ప్రవాహం వెలువడిన వాయువును ఎప్పటికప్పుడు తోసివేస్తే చర్య అంతకంటే చాలా తక్కువ ఉష్ణోగ్రతలోనే సాగుతుంది. చుట్టూ పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ ఉంటే మూడో మెట్టు 900 డిగ్రీలు దాటితే గాని రాదు. మొదటి మెట్టులో వెలువడేది నీటి ఆవిరి, రెండో దానిలో కార్బన్ మోనాక్సైడ్ కాబట్టి ఆ మెట్లు అంతగా జరగవు. బట్టీలో గాలి ఆడాలని పనివారు పట్టుబట్టడంలో ఉన్న రసాయన శాస్త్రం ఇదే. మంటకు ఆక్సిజన్ అందడం ఒక్కటే కాదు, రాయి వదిలిన వాయువు రాయి చుట్టూ నిలవకుండా పోవాలి.

నమూనా: పరిమాణం ఎక్కువైతే లోపలి భాగం ఆలస్యంగా వేడెక్కుతుంది, వాయువు బయటికి రావడానికీ ఆలస్యమవుతుంది. మూతపెట్టిన మూసలోనూ ఇదే జరుగుతుంది. అందువల్ల ఏ వక్రాన్ని ప్రకటించినా నమూనా పరిమాణం, తాపన రేటు, మూస రకం, వాయువు వివరాలను పక్కనే రాయాలి. అవి లేని వక్రాన్ని మరొక దానితో పోల్చడానికి వీలుండదు.

6. ఘనపదార్థాల చర్యాశీలత

6.1 చర్య ఎక్కడ మొదలవుతుంది?

పారదర్శకమైన చాకలిసోడా స్ఫటికం మీద సూదితో గీత గీసి పొడి గాలిలో ఉంచితే, తెల్లబడటం ఆ గీత వెంటే మొదలవుతుంది. నీటిని కోల్పోవడం స్ఫటికమంతటా ఒకేసారి జరగదు. జాలకంలో క్రమం చెడినచోట, అంటే అంచులు, మూలలు, గీతలు, స్థానభ్రంశాల దగ్గర, కణాలు తక్కువ శక్తితోనే విడిపోగలవు. అక్కడ ఉత్పన్నం చిన్న చిన్న కేంద్రకాలుగా ఏర్పడుతుంది. ఇవి పరమాణు కేంద్రకాలు కావు, కొత్త ప్రావస్థకు చెందిన తొలి తునకలని గుర్తుంచుకోండి.

కేంద్రకం చుట్టూ పాత ఘనపదార్థానికీ కొత్త ఘనపదార్థానికీ మధ్య సరిహద్దు ఏర్పడుతుంది. చర్య ఆ సరిహద్దు దగ్గరే జరుగుతుంది. కేంద్రకాలు పెరిగేకొద్దీ సరిహద్దు వైశాల్యం, దానితోపాటు రేటు కూడా పెరుగుతాయి. కొంతకాలానికి అవి ఒకదానినొకటి తాకి కలిసిపోవడంతో సరిహద్దు తగ్గి, రేటు పడిపోతుంది. అందువల్ల స్థిర ఉష్ణోగ్రత దగ్గర కాలంతో పాటు చర్య జరిగిన భాగాన్ని గుర్తిస్తే, నెమ్మదిగా మొదలై, మధ్యలో వేగం పుంజుకొని, చివర మళ్ళీ నెమ్మదించే వక్రం వస్తుంది.

6.2 కుంచించుకుపోయే గోళం

కొన్ని పదార్థాలలో ఉపరితలమంతా త్వరగా కేంద్రకాలతో నిండిపోతుంది. ఆ తరవాత సరిహద్దు నాలుగు వైపుల నుంచి లోపలికి స్థిరవేగంతో జరుగుతుంది. గోళాకారపు రాయిని ఊహించండి. మొత్తం కాలడానికి పట్టే కాలంలో సగం గడిచేసరికి, కాలని లోపలి గోళపు వ్యాసార్ధం సగానికి తగ్గుతుంది. ఘనపరిమాణం వ్యాసార్ధపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది కాబట్టి మిగిలిన భాగం:

½ × ½ × ½ = 1/8, అంటే 12.5 శాతం

సగం కాలంలోనే 87.5 శాతం పూర్తయింది. మిగిలిన 12.5 శాతానికి మళ్ళీ అంతే కాలం కావాలి. బట్టీని ముందే దించితే రాయి లోపల పచ్చి గుండె మిగలడానికి కారణం ఇదే. ఈ నమూనా ప్రకారం రాయి వ్యాసం రెట్టింపైతే పూర్తిగా కాలడానికి పట్టే కాలం కూడా రెట్టింపవుతుంది. పెద్ద రాళ్ళలో ఉష్ణం లోపలికి చేరే ఆలస్యం దీనికి అదనం. రాళ్ళను ఇంచుమించు ఒకే పరిమాణంలో పగలగొట్టి బట్టీలో వేయడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

ప్రగతిని పరిశీలించుకోండి – 3
పై నమూనా ప్రకారం మొత్తం కాలంలో మూడు వంతులు, అంటే 3/4 భాగం, గడిచేసరికి రాయిలో ఎంత శాతం చర్య పూర్తవుతుంది?

6.3 రెండు ఘనపదార్థాల మధ్య చర్య

మెగ్నీషియం ఆక్సైడ్, అల్యూమినా కలిసి స్పినెల్ ఏర్పడటం ఉష్ణగతిక శాస్త్రం ప్రకారం అనుకూలమైన చర్య. అయినా గది ఉష్ణోగ్రత దగ్గర ఆ రెండు పొడులను కలిపి ఎన్నేళ్ళు ఉంచినా ఏమీ జరగదు. 1200 డిగ్రీలు దాటాకే గుర్తించదగిన రేటు వస్తుంది. 1500 డిగ్రీల దగ్గర కూడా పొడుల మిశ్రమం పూర్తిగా చర్య జరపడానికి రోజులు పట్టవచ్చు.

రెండు రేణువులు తాకినచోట ముందుగా పలచని స్పినెల్ పొర ఏర్పడుతుంది. ఆ పొరే వాటిని వేరుచేస్తుంది. ఇక చర్య సాగాలంటే మెగ్నీషియం అయాన్లు అల్యూమినా వైపు, అల్యూమినియం అయాన్లు మెగ్నీషియం ఆక్సైడ్ వైపు ఆ పొర గుండా వ్యాపనం చెందాలి. విద్యుదావేశం సరిపోవడానికి 3 మెగ్నీషియం అయాన్లు ఒకవైపు పోతే 2 అల్యూమినియం అయాన్లు ఎదురు వైపు రావాలి. పొర మందమయ్యేకొద్దీ ప్రయాణ దూరం పెరుగుతుంది. అందువల్ల పొర మందపు వర్గం కాలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మందం రెట్టింపు కావాలంటే నాలుగు రెట్ల కాలం, పది రెట్లు కావాలంటే నూరు రెట్ల కాలం కావాలి.

ప్రయోగశాలలో ఇలాంటి మిశ్రమాలను మెత్తగా నూరి, బిళ్ళలుగా ఒత్తి, కాల్చి, తీసి మళ్ళీ నూరి కాల్చడం ఇందుకే. నూరినప్పుడు అడ్డుపడిన పొర విరిగి కొత్త ఉపరితలాలు ఒకదానినొకటి తాకుతాయి. ఏ ఉష్ణోగ్రత దగ్గర వ్యాపనం చెప్పుకోదగినంతగా మొదలవుతుందో అంచనా వేయడానికి టామన్ సూత్రం ఉపయోగపడుతుంది: అది కెల్విన్ మానంలో ద్రవీభవన ఉష్ణోగ్రతలో సుమారు సగం. ఉదాహరణకు సోడియం క్లోరైడ్ 1074 కెల్విన్‌ల దగ్గర కరుగుతుంది, కాబట్టి దాని టామన్ ఉష్ణోగ్రత సుమారు 537 కెల్విన్‌లు. ఇది అంచనాకు మాత్రమే పనికివచ్చే సూత్రం.

స్ఫటిక రూపం మారే ఉష్ణోగ్రత దగ్గర జాలకం తాత్కాలికంగా సడలుతుంది కాబట్టి ఆ సమయంలో చర్యాశీలత పెరగడాన్ని స్వీడన్ శాస్త్రవేత్త హెడ్వాల్ గుర్తించాడు. దీన్ని హెడ్వాల్ ప్రభావం అంటారు.

6.4 ఉష్ణ చరిత్ర

ఇప్పుడు గోడ మీది పొక్కుల ప్రశ్నకు వద్దాం. ఒక మోల్ కాల్షియం కార్బొనేట్ ఘనపరిమాణం సుమారు 36.9 ఘన సెంటీమీటర్లు. దాని నుంచి వచ్చే కాల్షియం ఆక్సైడ్‌ది 16.8 మాత్రమే. రాయి బయటి ఆకారం పెద్దగా కుంచించుకుపోకపోతే లోపల సగానికి పైగా ఖాళీ ఏర్పడుతుంది. తగిన వేడిలో కాలిన సున్నం సూక్ష్మరంధ్రాలతో నిండి, నీరు తగలగానే లోపలిదాకా పీల్చుకొని వేగంగా చర్య జరుపుతుంది.

విఘటనం పూర్తయ్యాక కూడా అధిక ఉష్ణోగ్రతలో ఎక్కువసేపు ఉంచితే సన్నని రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కొని పెద్దవవుతాయి. దీన్ని సింటరింగ్ అంటారు. రంధ్రాలు మూసుకుపోతాయి, ఉపరితల వైశాల్యం తగ్గుతుంది. ఈ 'మాడిన' సున్నం నీటితో చాలా నెమ్మదిగా చర్య జరుపుతుంది. తడిపినప్పుడు చర్య జరగకుండా మిగిలిన రేణువులు పూతలో చేరి, గోడ ఆరిన తరవాత తేమను పీల్చుకొని ఉబ్బుతాయి. పొక్కులు లేవడానికి కారణం అదే.

రెండు సున్నాల సంఘటనం ఒకటే. టి.జి.లో వాటిని మళ్ళీ వేడిచేస్తే ఏ మెట్టూ రాదు. తేడా అంతా వాటి ఉష్ణ చరిత్రలో ఉంది. కొన్నిచోట్ల ఇదే ధర్మం మేలు చేస్తుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌ను కావాలనే అత్యధిక ఉష్ణోగ్రతలో కాల్చి, చర్యాశీలతను దాదాపు పోగొట్టి, కొలిముల లోపలి ఇటుకలకు వాడతారు.

7. ఒక ఉదాహరణ: అమోనియం నైట్రేట్

ఇంతవరకు చెప్పుకున్న విషయాలన్నీ ఒకేచోట కనిపించే పదార్థం అమోనియం నైట్రేట్. దీన్ని ఎరువుగా, గనులలో వాడే పేలుడు మిశ్రమాలలో వాడతారు.

డి.ఎస్.సి.లో దీనికి సుమారు 32, 84, 125 డిగ్రీల దగ్గర స్ఫటిక రూపాలు మారే శిఖరాలు, 169 డిగ్రీల దగ్గర కరిగే శిఖరం వస్తాయి. మొదటి శిఖరాన్ని చూడండి. మన వేసవిలో గోదాములోని సరుకు పగలు 32 డిగ్రీలు దాటడం, రాత్రి అంతకు దిగువకు రావడం సాధ్యమే. ఆ మార్పు జరిగినప్పుడల్లా ఘనపరిమాణం 3 నుంచి 4 శాతం మారుతుంది. పదేపదే ఇలా జరిగితే గుళికలు పగిలి పొడవుతాయి, తేమతో గడ్డకడతాయి. తేమను పూర్తిగా తీసేసిన నమూనాలో 32 డిగ్రీల శిఖరం కనిపించకుండా, 50 డిగ్రీలు దాటాక నేరుగా మరో రూపంలోకి మార్పు జరగవచ్చు. శిఖర స్థానం నమూనా స్థితిపై ఆధారపడుతుందనడానికి ఇది మంచి సాక్ష్యం.

విఘటనం విషయంలో తేడా ఇంకా తీవ్రం. తెరిచిన మూసలో కొద్ది మిల్లీగ్రాములను వేడిచేస్తే అది ప్రధానంగా అమోనియా, నైట్రిక్ ఆమ్లపు ఆవిరులుగా విడిపోతుంది. ఉష్ణగ్రాహక శిఖరం వస్తుంది, అవశేషం మిగలదు. బిగించి మూసిన మూసలో ఆ ఆవిరులు తప్పించుకోలేవు. అప్పుడు నైట్రస్ ఆక్సైడ్, నీరు ప్రధాన ఉత్పన్నాలుగా ఉష్ణమోచక విఘటనం జరుగుతుంది. పదార్థం ఒకటే, శిఖరాల దిశలు మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం.

తెరిచిన మూసలోని వక్రాన్ని మాత్రమే చూసినవారు ఇది వేడికి ఆవిరైపోయే నిరపాయమైన ఉప్పు అనుకొనే ప్రమాదం ఉంది. పెద్ద రాశిలో లోపలి ఉష్ణం బయటికి పోలేదు, వాయువులకు దారి ఉండదు, మలినాలు చర్యను వేగిరపరుస్తాయి. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో నిల్వ ఉంచిన సుమారు 2,750 టన్నుల అమోనియం నైట్రేట్ అగ్నిప్రమాదం తరవాత పేలి 200 మందికి పైగా మరణించారు. మిల్లీగ్రాముల నమూనా ఇచ్చిన ఉష్ణోగ్రతను టన్నుల నిల్వకు సురక్షిత హద్దుగా వాడకూడదు. ఏ మూసలో, ఏ వాతావరణంలో, ఎంత నమూనాతో కొలిచారన్న ప్రశ్న ముందు వేసుకోవాలి.

8. సారాంశం

• టి.జి. ద్రవ్యరాశి మార్పును, డి.టి.ఎ. ఉష్ణోగ్రతా భేదాన్ని, డి.ఎస్.సి. ఉష్ణ ప్రవాహాన్ని కొలుస్తాయి. అవి ఒకదాని లోటును మరొకటి పూరిస్తాయి.
• మెట్టు ఎత్తు నుంచి చర్యలో పోయిన పదార్థపు పరిమాణం తెలుస్తుంది. మెట్టు స్థానం తాపన రేటు, వాతావరణం, నమూనా పరిమాణం, మూసలను బట్టి మారుతుంది.
• ఘనపదార్థాలలో చర్య లోపాల దగ్గర కేంద్రకాలుగా మొదలై, సరిహద్దు వెంట సాగుతుంది.
• రెండు ఘనపదార్థాల మధ్య ఏర్పడిన ఉత్పన్నపు పొరే చర్యకు అడ్డుపడుతుంది. వ్యాపనం రేటును నిర్ణయిస్తుంది.
• చర్యాశీలత సంఘటనంతో పాటు స్ఫటిక రూపం, ఉపరితల వైశాల్యం, ఉష్ణ చరిత్రలపై ఆధారపడుతుంది.

9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) ఈ ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. టి.జి.లో ఖాళీ మూసతో ప్రయోగం ఎందుకు చేయాలి?
2. కాల్షియం ఆక్సలేట్ రెండో మెట్టుకు గాలిలో ఉష్ణమోచక శిఖరం రావడానికి కారణం రాయండి.
3. హెడ్వాల్ ప్రభావం అంటే ఏమిటి?

ఆ) ఈ ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. విఘటన ఉష్ణోగ్రతను పదార్థ స్థిరాంకంగా ఎందుకు భావించకూడదో రెండు ఉదాహరణలతో చర్చించండి.
2. స్పినెల్ ఏర్పడే విధానాన్ని వివరించి, ఆ చర్యను వేగిరపరిచే మార్గాలను తెలపండి.
3. ఒకే సంఘటనం గల రెండు సున్నాల చర్యాశీలతలో తేడాకు కారణాలను వివరించండి.

10. 'ప్రగతిని పరిశీలించుకోండి' సమాధానాలు

1. ఒక నీటి అణువు నష్టం 18.0 ÷ 249.7 × 100 = 7.2 శాతం, అంటే 25.0 మిల్లీగ్రాములలో 1.8 మిల్లీగ్రాములు. నష్టాలు వరసగా 3.6, 3.6, 1.8 మిల్లీగ్రాములు. కాబట్టి పోయిన నీటి అణువులు వరసగా 2, 2, 1. చివరి అణువు సల్ఫేట్ అయాన్లతో హైడ్రోజన్ బంధాలలో ఉండటం వల్ల అధిక ఉష్ణోగ్రతలో పోతుంది.

2. ద్రవీభవనం లేదా ఒక స్ఫటిక రూపం నుంచి మరొక రూపానికి మార్పు. రెండింటిలోనూ ద్రవ్యరాశి మారదు.

3. మిగిలిన గోళపు వ్యాసార్ధం మొదటి దానిలో 1/4. మిగిలిన భాగం 1/4 × 1/4 × 1/4 = 1/64, అంటే సుమారు 1.6 శాతం. కాబట్టి సుమారు 98.4 శాతం పూర్తవుతుంది.